గీత కూడా కోర్టే

సోమవారం ర్యాంకు మారుతుంది.
పోయినేడు ఇదే వారం నాసిక్‌లో సంపాదించిన పాయింట్లు
ఈ వారం రాలిపోతాయి.
ఏడాది నిండగానే రాలాలని రూలు.
ఆ ప్రయాణానికి చేసిన అప్పుకి మాత్రం
అలాంటి రూలేదీ లేదు.

పుష్కల అని పేరు పెట్టింది మా జేజి.
డ్రా షీటులో ఒకసారి పుస్కల, ఒకసారి పుష్పల.
ఏ పేరు కిందా
పాయింట్లు పుష్కలంగా లేవు.
ఆరువందల నలభై ఏడు.
ఇరవై ఎనిమిదేళ్ళు.

వసంతనగర్ పీజీ నుంచి కబ్బన్ పార్కు కోర్టులకి నడిచే వస్తాను,
మీటరు వేసే ఆటో ఇంకా పుట్టలేదు గనక.
సంచిలో మూడు రాకెట్లు, రెండింటికే తీగలు.
మూడోదాన్ని శివాజీనగర్ అన్వర్ భాయ్ మెషీన్‌కి బిగించి
"ఎంత టెన్షనమ్మా?" అంటాడు.
యాభై రెండు పౌన్లు అంటాను.
ఆయన అడిగింది అదే కదా.

సాయంత్రాలు సదాశివనగర్‌లో
ఒక డాక్టరుగారబ్బాయికి బంతులు అందిస్తాను.
"అక్కా, నువ్వు టీవీలో ఎందుకు రావు?"
గంటకి తొమ్మిది వందలు.
జవాబు అందులో కలిసి లేదు.

మా నాన్న హిందూపురం నుంచి వచ్చి
జయనగర్‌లో ఒక క్లబ్బు మట్టి కోర్టుకి గీతలు గీసేవాడు.
రెండు మేకులు, ఒక పురికొస, డబ్బాడు సున్నం.
వెంట్రుకవాసి వంకర పోయినా
తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీసేవాడు,
ఎవరూ చూడని వెనక మూల కూడా.
"తాకితే లోపలే పాపా. గీత కూడా కోర్టే."
అది ఆట రూలని నాకు తెలీదు,
మా నాన్న మాటనుకున్నాను.

క్వాలిఫయింగ్‌లో లైన్ అంపైర్లుండరు.
ఎవరి వైపు గీతలకి వాళ్ళే సాక్షులు.
అవతల పదహారేళ్ళ కజకిస్తాన్ పిల్ల,
ఆమె వెనక తండ్రి, కోచి, ఐసు పెట్టె.
నా వెనక
ఖాళీ కుర్చీలు, వాటిలో రాలిన గులాబీ రంగు పూలు.
మూడో సెట్టు బదులు పది పాయింట్ల టైబ్రేకు,
నాకు ఎనిమిది, ఆమెకి తొమ్మిది.
ఆ ఫోర్‌హ్యాండు నా ఎడమ మూలకొచ్చి
గీత చివర్ని గోరంత తాకింది.
గట్టి కోర్టు. మట్టి అయితే మచ్చ పడేది.
అంపైరు పక్క కోర్టులో గొడవ తీరుస్తున్నాడు.
వేలు ఎత్తితే తొమ్మిది తొమ్మిది.
వేలెత్తడానికి ఎంతసేపు!

అరచెయ్యి నేలకేసి చాపాను.

నిజాయితీ అని రాసుకోకండి.
చెయ్యి ముందు వెళ్ళింది,
నేను దాని వెనక పరిగెత్తాను, అందలేదు.
ఆ రాత్రి పక్క మంచం మీద ఎళిలరసి
ఫోనులో అద్దె లెక్కలు కూడుతుంటే
దుప్పట్లో ఆ చేతిని నోటికొచ్చినట్టు తిట్టాను.
మొదటి రౌండులో పోతే రూపాయి రాదు,
ఫిజియో మాత్రం నెలాఖరుకి వస్తాడు.

నాన్నకి ఫోన్ చేశాను.
"గీత మీదేనా?"
"మీదే."
"పాత పెయింటా, కొత్తదా?"
"కొత్తదే నాన్నా, మెరుస్తోంది."
కాసేపు ఏమీ అనలేదు. టీవీ సౌండు తగ్గించాడు.
"ఇప్పటోళ్ళు టేపు వేసి కొడతారు గదమ్మా,
ఒక్కోచోట అరంగుళం లావొస్తది.
మనం గీసింటే
అది బయటే పడుండు."

నవ్వొచ్చింది. మోకాలు నొప్పి కూడా వచ్చింది,
రెండూ ఒకేసారి.

వచ్చే వారం షోలాపూర్.
స్లీపర్ టికెట్టు వెయిటింగ్ లిస్టులో ఉంది,
పద్నాలుగు.
అంత మంచి నంబరు
నా పేరు పక్కన ఎప్పుడూ చూళ్ళేదు.
పొద్దున చూస్తే పదకొండు.
ఎళిలరసిని లేపి మరీ చూపించాను.